సింగపూర్ టూర్ చివరి రోజు: పెట్టె అప్పజెప్పే ముందు

సింగపూర్ గ్రూప్ టూర్‌కి వెళ్తున్నవాళ్లకి ఒక మాట. ఆఖరి రోజు బస్సు చాంగీ ఎయిర్‌పోర్టులో దింపగానే అందరూ లగేజీతో చెకిన్ క్యూలోకి పరుగెడతారు. మీరు కాస్త ఆగండి.

అక్కడ కొన్నవాటిపై 9 శాతం జీఎస్టీ కడతాం కదా, అందులో చాలావరకు వెనక్కి తీసుకోవచ్చు. రిఫండ్ ఇచ్చే షాపులో కనీసం 100 సింగపూర్ డాలర్లకు కొనాలి. అదే షాపులో ఒకేరోజు తీసుకున్న బిల్లులు మూడు దాకా కలిపినా సరే. కొనేటప్పుడే మీ పాస్‌పోర్టు చూపించండి. వస్తువులు పెద్ద సూట్‌కేసులో ఉంటే, దాన్ని అప్పజెప్పక ముందే చెకిన్ హాల్లో ఈ రిఫండ్ కోసం పెట్టిన ఈటీఆర్‌ఎస్ మెషిన్ దగ్గర పని ముగించాలి. కస్టమ్స్ వాళ్లు వస్తువులు చూపించమంటే, బెల్టు మీద వెళ్లిపోయిన పెట్టెను ఎక్కడినుంచి తెస్తాం? అందుకే కొన్నవన్నీ పైభాగంలోనే సర్దండి.

ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్‌లోని 40 మీటర్ల జలపాతం ఇమిగ్రేషన్‌కి ఇవతలే ఉంటుంది. లోపలికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటే చూడలేరు. పెద్దవాళ్లు వెంట ఉంటే తప్పకుండా చూపించండి, మా అమ్మ ఇప్పటికీ దాని గురించే చెబుతుంది. గైడ్‌ని ముందురోజే అడిగి బస్సు ఓ గంట ముందు బయల్దేరేలా చూసుకోండి.

ఇంకా, ఊళ్లోవాళ్లకి కొన్న తలనొప్పి తైలాలూ బామ్‌లూ పెద్ద పెట్టెలోకి, పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోకి.