క్రైస్తవ యూనివర్సిటీలో చేరే హిస్పానిక్ విద్యార్థికి ఫాఫ్సా: దరఖాస్తు ఎలా చేయించాలి?

శాన్ ఆంటోనియోలో మా తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నం ఏ చర్చిలో కూడుకుంటుందో, పొద్దున అదే చర్చిలో స్పానిష్ ఆరాధన జరుగుతుంది. మధ్యలో ఓ గంట ఖాళీ. ఆ గంటలో వంటగది టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పన్నెండో తరగతి పిల్లల చేత ఫాఫ్సా నింపించడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఎక్కువమంది మెక్సికన్ కుటుంబాల పిల్లలు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కబోతున్న మొదటి మనిషి వాళ్లే. టెక్సస్‌లో ఇలాంటి కుటుంబాలతో కలిసి ఆరాధించే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పక్కన కూర్చుని సాయం చేయాలనుకునే వాళ్లకు పనికొస్తుందని విధానమంతా రాస్తున్నాను. ఇక్కడ పుట్టిన మన పిల్లలకూ ఇదే ఫారం.

ఫాఫ్సా అంటే అమెరికా ఫెడరల్ విద్యాశాఖ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు. పెల్ గ్రాంటు అనే తిరిగి కట్టక్కర్లేని సాయం, ఫెడరల్ లోను, క్యాంపస్‌లో చేసుకునే వర్క్-స్టడీ ఉద్యోగం, అన్నిటికీ ఇదొక్కటే. ఫీజు లేదు. ఫారం నింపిపెడతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. వెబ్‌సైటు స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్. మామూలుగా ప్రతి ఏడూ అక్టోబర్ 1 నాటికి తర్వాతి విద్యా సంవత్సరం ఫారం తెరుస్తారు. టెక్సస్‌లో అయితే హైస్కూలు పట్టా చేతికి రావాలన్నా ఫాఫ్సా గానీ, రాష్ట్రం ఫారం టాస్ఫా గానీ నింపాలి, లేదా వద్దని సంతకం చేసివ్వాలి. కాబట్టి ఎలాగూ కూర్చోవాల్సిందే, సరిగ్గా కూర్చుందాం.

మొదట పోగొట్టాల్సిన అపోహ ఒకటుంది. "క్రైస్తవ కాలేజీ ప్రైవేటు కదా, గవర్నమెంటు డబ్బు రాదు" అని పాస్టర్లు కూడా అంటుంటారు. అది నిజం కాదు. గుర్తింపు పొందిన అక్రెడిటేషన్ ఉండి, ఫెడరల్ సాయం కార్యక్రమంలో ఉన్న సంస్థ అయితే చాలు, పెల్ గ్రాంటు విద్యార్థి వెంటే వస్తుంది. ఈ ఊళ్లోనే చూడండి. 1852లో మొదలైన సెయింట్ మేరీస్, 1881 నాటి ఇన్‌కార్నేట్ వర్డ్, 1895 నాటి అవర్ లేడీ ఆఫ్ ది లేక్, మూడూ క్యాథలిక్ యూనివర్సిటీలే, మూడింట్లోనూ హిస్పానిక్ విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. బాప్టిస్టుల వైపు 1947లో మెక్సికన్ బాప్టిస్ట్ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌గా పుట్టిన బడి ఉంది, తర్వాత అదే బాప్టిస్ట్ యూనివర్సిటీ ఆఫ్ ది అమెరికాస్ అయింది. స్పానిష్ మాట్లాడే సంఘాలకు పాస్టర్లను తయారు చేయాలని మొదలైన చోటు అది.

డిగ్రీ చదివే విద్యార్థికి 2025-26లో పెల్ గరిష్ఠంగా 7,395 డాలర్లు. ఇది తిరిగి కట్టక్కర్లేదు. సెమినరీలో ఎం.డివ్. లాంటి మాస్టర్స్ చేసేవాళ్లకు పెల్ ఉండదు.

ఎవరు పెట్టొచ్చు?

విద్యార్థి అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు, శరణార్థి హోదా లాంటివి ఉన్నవాడో అయి ఉండాలి. ఎఫ్-1, హెచ్-4 వీసాలు ఉన్నవాళ్లకు, చిన్నప్పుడు కాగితాలు లేకుండా వచ్చినవాళ్లకిచ్చే డాకా అనే తాత్కాలిక రక్షణ ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు. ఇక్కడ చూడాల్సింది విద్యార్థి హోదా, అమ్మానాన్నలది కాదు. నాన్న హెచ్-1బీ మీద ఉన్నా ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల పెట్టొచ్చు. తల్లిదండ్రులకు కాగితాలే లేని మెక్సికన్ ఇంటి పిల్లాడూ, తను పౌరుడైతే పెట్టొచ్చు. తల్లిదండ్రుల ఇమిగ్రేషన్ హోదా ఏమిటన్న ప్రశ్న ఫారంలో లేదు.

అయినా ఆ ఇళ్లల్లో టెన్షన్ ఉంటుంది, ఉండడం సహజం. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని రాయడమే ఒక సంగతి బయటపెట్టినట్టు. అలాంటి కుటుంబంతో "ఏం కాదులెండి" అని నేను ఎప్పుడూ అనను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడి నిర్ణయం వాళ్లే తీసుకోవాలి. ఫెడరల్ అర్హత లేని పిల్లలు టాస్ఫా గురించి, యూనివర్సిటీ సొంత స్కాలర్‌షిప్పుల గురించి ఆర్థిక సాయం ఆఫీసులో అడగాలి. టెక్సస్‌లో 2025 జూన్‌లో వచ్చిన కోర్టు ఉత్తర్వుతో కాగితాలు లేని పిల్లలకు ప్రభుత్వ కాలేజీల్లో స్థానికులతో సమానంగా తక్కువ ఫీజు ఇచ్చే నిబంధన మారిపోయింది. అందుకని అన్న చదువుకున్నప్పటి సమాచారం తమ్ముడికి పనికిరాదు.

అకౌంటు, పేర్లు

విద్యార్థి ఒక అకౌంటు తెరవాలి, వివరాలివ్వాల్సిన తల్లి లేదా తండ్రి తమ సొంత ఈమెయిల్‌తో ఇంకొకటి తెరవాలి. పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. స్కూల్లో తనకు ఒకటే ఇంటిపేరు, నాన్నది. అకౌంటులోనూ అదే కొట్టింది. వివరాలు సరిపోలేదని వచ్చింది. వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి జిప్ కవరు తీసి, అందులోంచి అంచులు మెత్తబడిన కార్డు బయటికి తీసింది. దాని మీద రెండు ఇంటిపేర్లు, ముందు నాన్నది, తర్వాత అమ్మది. స్పానిష్ వాళ్ల ఆనవాయితీ అది. స్కూలు రికార్డుల్లో అమ్మ పేరు ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరికీ తెలియదు. ఆ తల్లి వేలితో తన పుట్టింటి పేరును చూపిస్తుంటే నాకు మన పాస్‌పోర్టులు గుర్తొచ్చాయి. ఇంటిపేరు ముందా వెనకా తెలియక, ఆ గడి ఖాళీగా వదిలేసి, తర్వాత ప్రతి ఆఫీసులో సంజాయిషీ చెప్పుకున్న రోజులు. రెండు పేర్లూ పడ్డాక అకౌంటు సరిపోయింది.

సోషల్ నంబరు లేని తల్లిదండ్రులూ అకౌంటు తెరవొచ్చు, నంబరు లేదని గడిలో టిక్కు పెట్టాలి. పన్ను కట్టడానికి వాడే ఐటిన్‌ను సోషల్ నంబరు గడిలో కొట్టకూడదు. పిల్లలు పంపే ఆహ్వానంలో తల్లిదండ్రుల పేరు, పుట్టిన తేదీ లాంటివి వాళ్ల అకౌంటులో ఉన్నట్టే ఉండాలని ఇదివరకు నియమం, 2026-27 ఫారం నుంచి ఆహ్వానానికి వాళ్ల ఈమెయిల్ చాలు.

తల్లిదండ్రుల భాగం

ఫారంలో తల్లిదండ్రులను "కంట్రిబ్యూటర్" అంటారు. ఆ మాట వినగానే డబ్బు కట్టాలేమోనని చాలామంది వెనక్కి తగ్గుతారు. వివరాలిచ్చే మనిషి అని మాత్రమే దాని అర్థం, ముందే చెప్పేయండి. అమ్మానాన్న విడిపోయి ఉంటే, గడిచిన 12 నెలల్లో పిల్లల ఖర్చు ఎవరు ఎక్కువ భరించారో వాళ్లే కంట్రిబ్యూటర్. అమ్మమ్మ పెంచుతున్నా, చట్టప్రకారం దత్తత తీసుకోకపోతే ఆమె కంట్రిబ్యూటర్ కాదు. అలాంటి పిల్లల విషయం ఆర్థిక సాయం ఆఫీసుతోనే మాట్లాడాలి.

పన్నుల వివరాలు నేరుగా పన్నుల శాఖ నుంచి తెచ్చుకోవడానికి ప్రతి కంట్రిబ్యూటరూ ఒప్పుకుని సంతకం చేయాలి. పన్ను దాఖలు చేయని వాళ్లు కూడా. ఒప్పుకోకపోతే ఫెడరల్ సాయం సున్నా. వాడేది రెండేళ్ల కిందటి పన్ను, అంటే 2026-27 ఫారానికి 2024 ఆదాయం. ఉంటున్న ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు ఆస్తుల్లోకి రావు. మనవాళ్లకు ఒక మాట: గుంటూరులోనో, ఘట్‌కేసర్‌లోనో కొన్న ప్లాటు మాత్రం వస్తుంది, డాలర్లలో రాయాలి.

ఇక్కడ సాయానికి కూర్చున్నవాళ్లు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవాలి. జీతం ఎంత అని నలుగురిలో అడగొద్దు. తల్లి చేతే కొట్టించండి. ఫారం స్పానిష్‌లో కూడా ఉంది, భాష మార్చి ఇస్తే ఆమె తనే చదువుకుంటుంది. పదిహేడేళ్ల పిల్లను దుబాసీగా పెట్టి, ఆమె తల్లి అప్పుల సంగతి ఆమె నోటితో చెప్పించడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. జాతి గురించి ఒక ప్రశ్న వస్తుంది. హిస్పానిక్ అని పెట్టినా పెట్టకపోయినా సాయం మారదు.

కాలేజీలు, కోర్సు

ఆన్‌లైన్‌లో 20 కాలేజీల వరకూ పెట్టొచ్చు. సెయింట్ మేరీ పేరుతో దేశంలో చాలా కాలేజీలున్నాయి, ఊరి పేరు కూడా చూసి ఎంచుకోండి.

సేవకు పిలుపు ఉందనుకునే పిల్లలు బాగా ఆలోచించాల్సింది కోర్సు దగ్గర. టెక్సస్‌లో ప్రైవేటు కాలేజీ విద్యార్థులకు ట్యూషన్ ఈక్వలైజేషన్ గ్రాంటు అని రాష్ట్రం సాయం ఒకటుంది. దానికీ ఆధారం ఫాఫ్సానే. కానీ మత పరిచర్యకు దారితీసే డిగ్రీలో చేరినవాళ్లకు అది ఇవ్వరు. ఫెడరల్ పెల్‌కు ఆ అడ్డు లేదు. అంటే ఒకే యూనివర్సిటీలో, ఒకే ఆదాయం ఉన్న ఇద్దరిలో సోషల్ వర్క్ చదివే అమ్మాయికి రాష్ట్రం గ్రాంటు రావొచ్చు, పాస్టరు కావాలని మినిస్ట్రీ డిగ్రీలో చేరిన అబ్బాయికి రాదు. ఇది తెలియక చేరి, రెండో సెమిస్టర్ ఫీజు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న కుటుంబాన్ని చూశాను. పిలుపు మార్చుకోమని నేను చెప్పను. సంతకం పెట్టే ముందే, "ఈ మేజర్ తీసుకుంటే ఏ గ్రాంటు పోతుంది, దాని బదులు చర్చి స్కాలర్‌షిప్పు ఏదైనా ఉందా?" అని ఆఫీసులో అడిగించండి. సంఘంలో పెద్దలకూ ఆ లెక్క తెలియాలి. మన పిల్లాడు పాస్టరు కావాలని చేతులుంచి ప్రార్థించినవాళ్లు ఆ లోటులో కొంత మోయగలరు.

పంపాక

సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఫారం సారాంశం వస్తుంది. అందులో స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకె ఉంటుంది. తక్కువైతే అవసరం ఎక్కువని అర్థం, మైనస్ 1,500 వరకూ వెళ్తుంది. కొందరిని వెరిఫికేషన్‌కు ఎంచి కాగితాలు అడుగుతారు. తప్పు చేశారని కాదు, గడువులోగా ఇస్తే సరిపోతుంది. రెండేళ్ల కిందటి ఆదాయానికీ ఇప్పటికీ పొంతన లేకపోతే, నాన్న ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా, మళ్లీ లెక్క వేయమని కాలేజీకి రాతపూర్వకంగా అడగొచ్చు.

తర్వాత కాలేజీ నుంచి ఆఫర్ లెటరు వస్తుంది. గ్రాంట్లనూ లోన్లనూ ఒకే పట్టికలో కలిపి, కింద పెద్ద మొత్తం చూపిస్తుంటారు. పెన్ను తీసుకుని లోన్లు కొట్టేసి మళ్లీ కూడండి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది ఫెడరల్ లోను గరిష్ఠంగా 5,500 డాలర్లు. అంతా తీసుకోవాలనేమీ లేదు.

ఫాఫ్సా ఏటా కొత్తగా నింపాలి. అకౌంటు పాస్‌వర్డు, బ్యాకప్ కోడు ఆ జిప్ కవరులోనే, కార్డు పక్కన రాసి పెట్టుకోమని చెప్పండి.