కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) బాటిల్ పెట్టే ముందు

వానలు మొదలయ్యాయంటే వరంగల్ వార్డుల్లో వాంతులు, విరేచనాల కేసులు పెరుగుతాయి. వాటితో పొటాషియం పడిపోతుంది. మామూలుగా రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియం కొలిచే యూనిట్) దాకా ఉండాల్సింది 2.5 కిందికి దిగితే కాళ్లు చచ్చుబడొచ్చు, గుండె లయ తప్పొచ్చు. కొత్తగా డ్యూటీలో చేరిన సిస్టర్ల కోసం, మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కొద్దిగా తగ్గి, పేషెంటు తాగగలిగితే పొటాషియం సిరప్ చాలు. అదే భద్రం.

10 మి.లీ. కేసీఎల్ ఆంప్యూల్‌లో (చిన్న మందు సీసాలో) సాధారణంగా 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని సిరంజిలోకి తీసి నేరుగా నరంలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు. గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లాగే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే ట్రేలో పెట్టకండి. లేబుల్ ఇద్దరు చదవాలి, రాత్రి డ్యూటీలో అయినా సరే.

500 మి.లీ. నార్మల్ సెలైన్‌కు ఒక ఆంప్యూల్. డెక్స్‌ట్రోజ్ వద్దు. చక్కెరకు ఇన్సులిన్ పెరిగి, ఉన్న పొటాషియం కూడా కణాల్లోకి పోతుంది. వేలాడుతున్న బాటిల్‌లోకి మందు గుచ్చి వదిలేస్తే అది అడుగున చేరి, మొదటి చుక్కల్లోనే గాఢంగా వెళ్తుంది. బాటిల్ దించి, మందు వేసి, పది సార్లు తలకిందులు చేసి కలిపాకే తగిలించండి.

వార్డులో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు. అంటే ఆ బాటిల్‌కు తక్కువలో తక్కువ రెండు గంటలు. తొందర లేకపోతే నేనైతే నాలుగు గంటలు పెడతాను. అంతకన్నా వేగం కావాలంటే గుండె మానిటర్ ఉండాల్సిందే.

నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. "సిస్టరమ్మా, జర జల్ది ఎక్కియ్యరాదు, ములుగు బస్సు పోతది" అంటారు. మనం పక్క మంచం దగ్గరికి వెళ్లగానే ప్రేమతోనే డ్రిప్ చక్రం తిప్పేస్తారు. అమ్మా, అన్నా, దయచేసి దాన్ని ముట్టుకోకండి. చెయ్యి మండుతోందంటే మమ్మల్ని పిలవండి, వేగం తగ్గిస్తాం, సూది పక్కకు జరిగిందేమో చూస్తాం.

మూత్రం వస్తోందా, కిడ్నీలు బాగున్నాయా అని ముందే అడగాలి. ఎంత ఎక్కించినా పెరగకపోతే మెగ్నీషియం చూడమని డాక్టర్‌కు గుర్తుచేయండి. బాటిల్ అయ్యాక మళ్లీ రక్తం పంపేటప్పుడు మందు వెళ్లిన చేతి నుంచి తీయకండి, రిపోర్టు తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.