పాత జేడ్ నస్యం బుడ్డిని కొనేముందు

చైనా చింగ్ రాజవంశ కాలపు (1644–1912) జేడ్ అనే విలువైన రాతి నస్యం బుడ్డి అంటూ అమ్మేవాటిలో సర్పెంటైన్ (జేడ్‌లా కనిపించే వేరే రాయి) బుడ్లూ ఉంటాయి. కంటికి తేడా తెలియదు, తూకం పట్టిస్తుంది.

బిరడా తీసి పొడి బుడ్డిని 0.01 గ్రాముల త్రాసుపై తూచండి. తర్వాత గ్లాసు నీళ్లు త్రాసుపై పెట్టి సున్నా చేయండి. బుడ్డి లోపలా ఆ గ్లాసులోని నీళ్లే నింపి, గాలిబుడగ మిగలకుండా, దారంతో గ్లాసులో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు, గోడకు తగలకూడదు. పొడి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే, రాయి నీటికన్నా ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. 60 గ్రాముల బుడ్డికి 20.3 వస్తే 2.96: జేడ్‌లో ఒక రకమైన నెఫ్రైట్. రెండో రకం జేడైట్ 3.3 దగ్గర ఉంటుంది, సర్పెంటైన్ 2.6 దగ్గర. బుడగ మిగిలితే లెక్క తగ్గి, మంచి రాయి కూడా నకిలీలా కనిపిస్తుంది. లోపల పాత నస్యం అంటుకుని ఉంటే, అతుకులుంటే నీళ్లలో ముంచొద్దు.

రాయి అసలైనదైనంత మాత్రాన బుడ్డి పాతదైపోదు. మూతి నుంచి సన్నని టార్చి వేసి భుజాల కింద చూడండి. ఇరుకు మూతిలోంచి అక్కడిదాకా తొలచడం కష్టమైన పని. మంచి పనివాడి బుడ్డిలో గోడ అంతటా సమంగా పలచగా ఉంటుంది. నిట్టనిలువు గొట్టంలా డ్రిల్లు రంధ్రం ఒక్కటే ఉంటే అనుమానించాల్సిందే. 10 రెట్ల భూతద్దంతో చెక్కడపు మూలలూ చూడాలి. పైభాగం నునుపుగా ఉండి లోతుల్లో మెరుగు పెట్టకుండా వదిలేస్తే అది హడావిడి పని.

బిరడా మారి ఉండటం మామూలే, దానికే బేరం వదులుకోకండి. మూతి అంచున పెచ్చు ఊడిన చోటును అరగదీసి దాచారేమో మాత్రం వేలితో తడిమి చూడండి.