హ్యాండ్‌బ్యాగులో రివాల్వర్

మా ఆయన పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మా బావగారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఆ రివాల్వర్ స్టేషన్‌లో ఇచ్చేశారా, ఇంకా బీరువాలోనే ఉందా?" అని అడిగారు. బీరువాలోనే ఉంది. ఏడుపుల్లో ఎవరికి గుర్తుంటుంది! కానీ లైసెన్సు ఇంటి పేరు మీద ఉండదు, మనిషి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి పోయాక అది మన దగ్గరుంటే లైసెన్సు లేని ఆయుధమే. ఆలస్యం చెయ్యకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ సాయంత్రమే బావగారూ నేనూ వెళ్లి ఇచ్చేసి వచ్చాం. తర్వాత వారసురాలిగా నా పేరున లైసెన్సుకు పెట్టుకున్నాను. కోదాడ దగ్గర హైవే మీద మా పెట్రోల్ బంకు. శని, ఆదివారాల కలెక్షన్ సోమవారం దాకా బ్యాంకుకు వెళ్లదు. మా ఆయన కొన్నదీ అందుకే, నేను ఉంచుకున్నదీ అందుకే.

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి, "అత్తా, నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏం చెయ్యాలి?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు, కాకపోతే ఓపిక కావాలి. 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు ఫారం ఎ-1. జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇస్తారు. ఆయుధం వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, మానసిక స్థితితో సహా డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. "నాకు భయంగా ఉంది" అంటే చాలదు, ఆ భయానికి ఆధారం చూపించాలి. పాత ఫిర్యాదులు, ఎఫ్ఐఆర్ కాపీలు, ఎంత నగదు ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పే లెక్కలు పెట్టండి. ఇవన్నీ పెట్టినా ఇస్తారన్న హామీ లేదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు, ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి కుదరదు. 9 ఎంఎం లాంటివి మనలాంటి మామూలు జనానికి ఇవ్వరు. .32 బోర్ లాంటివే గతి (బోర్ అంటే గొట్టం లోపలి కొలత).

లైసెన్సు పుస్తకం వచ్చాక ప్రతి అక్షరం చదవండి. నా దాంట్లో తూటాలు ఒకేసారి దగ్గర ఉంచుకునేవి 25, ఏడాదికి కొనుక్కునేవి 50 అని ఉంది. చెల్లుబాటు తెలంగాణ వరకే. మా పుట్టిల్లు జగ్గయ్యపేట, కారులో అరగంట కూడా పట్టదు. కానీ గరికపాడు చెక్‌పోస్టు దాటితే అది ఆంధ్ర. మా ఆయన తీసుకున్న రోజుల్లో ఒకటే రాష్ట్రం కాబట్టి ఆ బెడద లేదు. ఇప్పుడు అమ్మను చూడ్డానికి వెళ్లాలంటే ముందు రివాల్వర్ లాకర్‌లో పెట్టి, ఆ తర్వాతే కారు తీస్తాను.

ఇక దాన్ని ఒంటి మీద మోసుకు తిరగడం. మొదట్లో హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని. ఒకరోజు బ్యాంకు పని చూసుకుని, సూర్యాపేటలో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లాను. గుమ్మంలో కుర్రాడు "మేడమ్, బ్యాగు" అంటే అలవాటుగా ఇచ్చేసి టోకెన్ తీసుకున్నాను. రెండో అంతస్తులో చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే అప్పుడు తట్టింది. ఆ మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. వందల సంచుల మధ్య అరలో నా బ్యాగు, అందులో ఆరు తూటాలతో రివాల్వర్. ఏమీ కాలేదు గానీ ఆ కుర్రాడు జిప్ తీసి ఉంటే? ఆ రోజు నుంచి నడుముకి హోల్‌స్టర్, పైన వదులు కుర్తా. 2016 ఆయుధ నిబంధనలు చెప్పేదీ ఇదే. బయట తిరిగేటప్పుడు కవర్‌లోనే ఉండాలి, పైకి కనిపించకూడదు, ఎప్పుడూ మన అదుపులో ఉండాలి. బడికి, కోర్టుకు, గుడికి వెళ్లే రోజు ఇంట్లో వదిలెయ్యండి. తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరి తనిఖీ దాకా తెచ్చుకుని "ఇప్పుడెక్కడ పెట్టాలి" అని అడగడం వృథా.

డ్రైవర్‌కి "కాస్త పట్టుకో" అని ఇవ్వడం, కొడుకు చేతికిచ్చి బ్యాంకుకు పంపడం నేరం. పెళ్లిళ్లలో మరీ. మా బంధువుల బరాత్‌లో ఒకబ్బాయి "పిన్నీ, గాల్లోకి ఒక్కటి, వీడియో తీస్తా" అన్నాడు. సంబరాల్లో నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఫోటోకు కూడా ఇవ్వనన్నాను. వాడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

ఇంట్లో ఆయుధం ఒక లాకర్‌లో, తూటాలు ఇంకో దాంట్లో. తాళంచెవులు నా గొలుసుకే ఉంటాయి. మాది కాన్పూర్‌లో తయారైన పాత రకం. ఎడమ పక్క బొటనవేలి దగ్గర మీట నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే నడుం విరిగినట్టు తెరుచుకుంటుంది, తూటాలన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. రోజూ రాత్రి మంచం మీద టవల్ పరిచి, గొట్టం గోడ వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి తీస్తాను. ఆరూ లెక్కపెట్టి, తూటాలు తీసేసిన రంధ్రాలను చిటికెన వేలి కొనతో తడిమి మళ్లీ చూస్తాను. కంటిని నమ్మను. పిల్లలు నిద్రపోయాకే ఈ పని.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఇచ్చాను, తెచ్చుకున్న కొన్నాళ్లకే 2024 లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ ఇచ్చాను. రసీదులో ఆయుధం నంబరు, తూటాల సంఖ్య రాయించుకోండి. నూనె గుడ్డలో చుట్టి ఇవ్వండి, లేకపోతే తుప్పుతో తిరిగొస్తుంది.

అసలు విషయం, ఎప్పుడు కాల్చొచ్చు? 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీలో ఆత్మరక్షణ గురించిన 96 నుంచి 106 సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 అయ్యాయి. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయమవుతుందనో నిజంగా భయపడాల్సిన దాడి, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివాటిలో ఎదుటివాడి ప్రాణం తీసేదాకా కూడా ఆత్మరక్షణ హక్కుంది. ఆస్తి కోసమైతే దోపిడీ, చీకటిపడ్డాక ఇంట్లో చొరబడటం, నిప్పు పెట్టడం లాంటి కొన్నింటికే. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసినా లేదు. సంచి పడేసి పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది రక్షణ కాదు, ప్రతీకారం.

ఒకసారి రాత్రి తొమ్మిదింటప్పుడు, కలెక్షన్ డబ్బుతో వస్తుంటే రెండు బైకులు నా కారుకు అడ్డం పెట్టారు. చెయ్యి నడుముకి వెళ్లింది. హోల్‌స్టర్ బటన్ కూడా తీశాను. కానీ తలుపులు లాక్‌లో ఉన్నాయి, ఇంజన్ ఆన్‌లో ఉంది, వెనక రోడ్డు ఖాళీ. హారన్ వదలకుండా రివర్స్ చేసి, 112కి ఫోన్ చేస్తూ నేరుగా స్టేషన్‌కే పోనిచ్చాను. తర్వాత మా లాయరు గారు విని, "తీసి చూపించినా ఈపాటికి మీ మీదే కేసు ఉండేదమ్మా" అన్నారు. ఆత్మరక్షణ అని కోర్టులో చూపించాల్సింది కాల్చినవాళ్లే. అనుమానాలకు అతీతంగా రుజువు చెయ్యక్కర్లేదు, జరిగే అవకాశమే ఎక్కువ అనిపించేలా చూపిస్తే చాలు. చాలే గానీ, అది ఏళ్ల తరబడి సాగే పని.

కాల్చక తప్పని రోజే వస్తే వెంటనే 112కి ఫోన్ చెయ్యండి, గాయపడ్డవాడికి అంబులెన్స్ అడగండి, అక్కడి వస్తువులు కదపొద్దు. ఎఫ్ఐఆర్ అవుతుందని, ఆయుధం సీజ్ అవుతుందని ముందే అనుకోండి. లాయరు నంబరు ఫోన్‌లోనే కాదు, లైసెన్సు పుస్తకం వెనకట్ట లోపల కూడా రాసిపెట్టుకోండి. ఫోన్ పోతే నాకైతే మా పిల్లల నంబర్లు కూడా గుర్తుండవు.

మేనల్లుడు ఇదంతా విని, "సరే అత్తా, ముందు మిల్లు చుట్టూ లైట్లు, కెమెరాలు పెట్టిస్తా, దరఖాస్తు సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నాడు. వాడికి ఫారం మాత్రం పంపించాను.