బ్లాక్ ఫ్రైడే వరుసలో నిలబడే ముందు
అమెరికాలో నవంబరు 4వ గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు, అంటే బ్లాక్ ఫ్రైడే నాడు, తగ్గింపు ధరల అమ్మకాల కోసం పెద్ద దుకాణాల ముందు తెల్లవారకముందే బారులు తీరాలనుకునేవారు ప్రకటన పత్రం అడుగున చిన్న అక్షరాలతో అచ్చువేసే షరతులను తప్పక చదవాలి. దుకాణానికి కనీసం ఎన్ని వస్తువులు వస్తాయో, ఒక్కొక్కరికి ఎన్ని ఇస్తారో సాధారణంగా అక్కడే ఉంటుంది; దుకాణానికి వచ్చే వస్తువుల సంఖ్య 10 లోపే అయితే, పసిపిల్లలను వెంటబెట్టుకుని గంటల తరబడి చలిలో నిలబడటం నాకైతే ఏమాత్రం సమంజసంగా తోచదు. టీవీ కొనదలచినవారు మోడల్ నంబరును అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, తయారీ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ఈ అమ్మకాల కోసమే తయారయ్యే కొన్ని మోడళ్లు, నంబరులో ఒకటి రెండు అక్షరాల తేడాతో, మామూలు మోడళ్లలాగే కనిపించినా, వాటిలో హెచ్‌డీఎంఐ పోర్టులు (ఇతర పరికరాలను టీవీకి కలిపే సాకెట్లు) తక్కువగానో, తెర కాంతి తక్కువగానో ఉండవచ్చు. అదే ధర ఆన్‌లైన్‌లో గురువారం నాడే దొరుకుతుందేమో కూడా చూడండి.