ఎండినా చావని మొక్కలు – 3వ పాఠం: మండె కట్టిన వడ్లతో పరీక్ష

నీరు కరువైనప్పుడు ఏబీఏ హార్మోను కణాన్ని ఎలా హెచ్చరిస్తుందో 2వ పాఠంలో చూశాం. ఎండిపోవడాన్ని తట్టుకునే ఆ శక్తి వరి విత్తనంలో ఏ దశ దాకా ఉంటుందో ఈసారి ఇంట్లోనే తేల్చుకుందాం.

స్వర్ణ (ఎంటీయూ 7029) లాంటి, మార్టేరు వరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన రకం ఏదైనా సరే. కొత్తగా నూర్చిన వడ్లు మాత్రం వద్దు. నిద్రావస్థ వీడని గింజ మొలవకపోతే, ఎండబెట్టడం వల్ల చచ్చిందని పొరబడతాం.

300 గింజలను వందేసి చొప్పున మూడు భాగాలు చేయండి. మొదటిది అలాగే పొడిగా ఉంచండి. రెండోది 24 గంటలు నానబెట్టి, ముక్కు పగలకముందే, అంటే మొలక బయటపడకముందే తీసేయండి. మూడోది నానాక తడి గోనెలో మండె కట్టి, అంటే మొలకెత్తేలా మూటగట్టి, వేరు 1 సెంటీమీటరు రాగానే తీయండి. రెండో, మూడో భాగాల్ని నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, గింజల బరువుకు పదింతల సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) సీసాలో పెట్టి మూత బిగించండి. జెల్‌కూ గింజలకూ మధ్య పలచటి గుడ్డ ఉండాలి. వంద గింజలు సుమారు 2 గ్రాములే కాబట్టి వంటింటి త్రాసు పనికిరాదు, బంగారం తూచేది కావాలి. బరువు దాదాపు నానబెట్టకముందున్నంతకు దిగితే ఆరినట్టు.

డెల్టాలో వానాకాలం చేసేవాళ్లు ఇక్కడే తప్పుతారు. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు ఫ్యాను ఒక్కటే చాలదు. మొలక సగం తడితోనే ఉండి బతికేస్తుంది, ఫలితం తలకిందులవుతుంది.

ఆరాక మూడు భాగాల్నీ తడి కాగితంలో చుట్టి, 14వ రోజున లెక్కించండి. మొదటి రెండూ ఇంచుమించు సమానంగా మొలుస్తాయి. మూడోదానిలో వేరు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. పక్కనుంచి కొత్త వేరు వస్తే దాన్ని విడిగా రాసుకోండి.

ఎందుకిలా? నేల మీదికి తొలుత వచ్చిన మొక్కల వారసత్వం గోడనాచులో ఇప్పటికీ కనిపిస్తుంది: ఒళ్లంతా ఎండి, మళ్లీ తడిస్తే బతుకుతుంది. నీళ్లు చల్లగానే ఆకులు విప్పుకోవడం మాత్రం బతికిన గుర్తు కాదు, చచ్చిన నాచూ నీరు పీల్చి ఉబ్బుతుంది. రెండు మూడు వారాలకు కొత్త చిగురు రావాలి. ఫిస్కోమిట్రియం అనే నాచులో, ఏబీఏ హెచ్చరికను అమలు చేయించే ఏబీఐ3 జన్యువుల్ని తొలగిస్తే, ఏబీఏ అందించినా ఎండి బతకలేదు. విత్తనం ముదిరేటప్పుడు రక్షక ప్రోటీన్లను తయారు చేయించేదీ ఆ ఏబీఐ3 కుటుంబమే. నీటి నాళాలు, మైనపు పొర, పత్రరంధ్రాలు వచ్చాక చాలా మొక్కల ఆకులకూ వేళ్లకూ ఎండి బతకాల్సిన పని తప్పింది. పాత శక్తి విత్తనానికీ పుప్పొడికీ పరిమితమైంది. మొలక సాగాక ఏబీఏ తగ్గి, రక్షక ప్రోటీన్లు కరిగిపోతాయి. అందుకే మూడో భాగంలో వేరు చచ్చింది.

కోరింగ మడ చెట్ల కాయలకూ, మామిడి టెంకకూ విత్తన దశలోనే ఆ శక్తి లేదు. వచ్చే పాఠానికి 10 పనస గింజలు కడిగి తడిగుడ్డలో ఉంచండి. ఎండలో మాత్రం పెట్టకండి.