బ్యాటింగ్ ఆర్డర్‌లో స్థానం మారితే బ్యాటర్ ఆట మారుతుందా? బేస్‌బాల్ గణాంకాలను చదివే పద్ధతి

క్రికెట్‌లో ఏడో స్థానంలో ఉన్న బ్యాటర్‌కు కొన్ని మ్యాచ్‌లలో బ్యాట్ పట్టే అవసరమే రాదు, బేస్‌బాల్‌లో మాత్రం అలా జరగదు. మ్యాచ్‌కు ముందు అంపైర్‌కు ఇచ్చిన వరుస ప్రకారం తొమ్మిది మందీ వంతులవారీగా వస్తారు, తొమ్మిదో బ్యాటర్ తరువాత మళ్లీ మొదటి బ్యాటర్ వస్తాడు, ఔటైనవాడు కూడా తన వంతు రాగానే తిరిగి ప్లేట్ (బ్యాటర్ నిలబడి ఆడే చోటు) దగ్గర నిలబడతాడు. అందువల్ల ఈ ఆటలో స్థానం ప్రభావం పైకి కనిపించినంత సూటిగా ఉండదు. అయినా "మూడో స్థానం అతనికి కలిసొచ్చింది", "ఏడో స్థానానికి దించి అతని ఆట పాడుచేశారు" వంటి మాటలు ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తాయి. అలాంటి మాట విన్నప్పుడు అందులో నిజమెంతో అంకెలతో తేల్చుకోవడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. స్థానం ప్రధానంగా బ్యాటర్‌కు అందే అవకాశాలను మారుస్తుందని, అతని నైపుణ్యాన్ని మార్చేది చాలా తక్కువని నా అభిప్రాయం. ఈ రెండింటినీ విడదీయడమే మన పని.

ముందుగా చూడవలసినది వంతుల సంఖ్య. బ్యాటర్ ప్లేట్ దగ్గరికి వచ్చి పూర్తి చేసిన ప్రతి వంతునూ ప్లేట్ అపియరెన్స్‌గా లెక్కిస్తారు. ఒక జట్టుకు ఒక మ్యాచ్‌లో మొత్తం 38 వంతులు వచ్చాయనుకుందాం. వరుస నాలుగుసార్లు పూర్తయితే 36 వంతులు అవుతాయి, మిగిలిన రెండూ మొదటి ఇద్దరికే చెందుతాయి. అంటే వాళ్లిద్దరికీ ఐదేసి వంతులు, తక్కిన ఏడుగురికీ నాలుగేసి వంతులు దక్కుతాయి. ఇలాంటి తేడాలు మేజర్ లీగ్ సీజన్‌లోని 162 మ్యాచ్‌ల మీద కూడుతూ పోతే, వరుసలో ఒక్కో మెట్టు దిగినకొద్దీ సీజన్‌కు సుమారు 18 వంతులు తగ్గుతాయి, మొదటి స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య దాదాపు 140 వంతుల తేడా వస్తుంది. కాబట్టి స్థానాలను పోల్చేటప్పుడు హిట్లు (బ్యాటర్‌ను బేస్ చేర్చే దెబ్బలు), హోమ్ రన్లు (బ్యాటర్ అన్ని బేస్‌లూ చుట్టి వచ్చే దెబ్బలు), పరుగులు వంటి మొత్తాలను నేరుగా పక్కపక్కన పెట్టకూడదు.

మొత్తాలలోకెల్లా ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఆర్‌బీఐ (రన్స్ బ్యాటెడ్ ఇన్). బ్యాటర్ తన దెబ్బతో ఎంతమందిని ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కు చేర్చాడో అది చెబుతుంది, కానీ బేస్‌ల మీద ఎవరో ఒకరు ఉంటేనే కదా చేర్చేది! దీన్ని చదవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆర్‌బీఐల నుంచి హోమ్ రన్ల సంఖ్యను తీసివేస్తే, తనను తాను చేర్చుకున్న పరుగులు పోయి, సహచరులను చేర్చిన పరుగులు మాత్రమే మిగులుతాయి. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 2024లో 58 హోమ్ రన్లతో 144 ఆర్‌బీఐలు సాధించాడు, అంటే సహచరుల పరుగులు 86. ఆ ఏడాది చాలా మ్యాచ్‌లలో అతని ముందు రెండో స్థానంలో ఆడిన హువాన్ సోటో ఆన్‌బేస్ శాతం (తన వంతులలో బేస్ చేరినవాటి నిష్పత్తి) 0.419. మరుసటి ఏడాది సోటో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయాడు. 2025లో జడ్జ్ 53 హోమ్ రన్లు కొట్టి 114 ఆర్‌బీఐల దగ్గర ఆగాడు, సహచరుల పరుగులు 61కి పడిపోయాయి. ఆర్‌బీఐలు మాత్రమే చూసినవారు జడ్జ్ ఆట తగ్గిందనే అనుకుంటారు. కానీ అతని బ్యాటింగ్ సగటు (క్రికెట్‌లోలా కాక, ఇక్కడ హిట్లు కొట్టిన నిష్పత్తి) 0.322 నుంచి 0.331కి పెరిగింది, లీగ్ బ్యాటింగ్ టైటిల్ కూడా అతనికే దక్కింది. అతను ఆడిన మ్యాచ్‌లు కొన్ని తగ్గిన మాట నిజమే గానీ, ఇంత తేడాకు అది చాలదు. మారినదానిలో ఎక్కువ భాగం జడ్జ్ బ్యాట్‌లో లేదు, అతని ముందున్న బేస్‌ల మీద ఉంది.

మొదటి స్థానంలో ఇదే విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రికీ హెండర్సన్ తన కెరీర్‌లో 2,295 పరుగులు చేశాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. ఆర్‌బీఐలు మాత్రం 1,115. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం అతని బ్యాటింగ్ బలహీనతను చూపదు, లీడాఫ్, అంటే వరుసలో మొదటి స్థానం స్వభావాన్ని చూపుతుంది. మ్యాచ్‌లో అతని మొదటి వంతు ఎప్పుడూ ఖాళీ బేస్‌లతోనే మొదలవుతుంది, ఆ తరువాతి వంతులలో అతని ముందుండేది జట్టులోని బలహీనమైన బ్యాటర్లే. ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున 2023లో ఎక్కువగా లీడాఫ్‌లో ఆడిన కైల్ ష్వార్బర్ 104 ఆర్‌బీఐలు సాధించి ఈ లెక్కను తారుమారు చేసినట్లు కనిపిస్తాడు. అందులో 47 అతని సొంత హోమ్ రన్లే.

ఇక మొత్తాలను పక్కన పెట్టి నిష్పత్తులకు రావాలి. బ్యాటింగ్ సగటు ఒక్కటే చూస్తే చాలదు, ఎందుకంటే వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడినందుకు బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) అందులోకి రావు. పైన చెప్పిన ష్వార్బర్‌కే ఆ సీజన్‌లో సగటు 0.197, ఆన్‌బేస్ శాతం 0.343. మొదటి అంకె చూస్తే జట్టులో ఉండదగినవాడు కాడనిపిస్తుంది, రెండోది చూస్తే లీడాఫ్‌కు ఎందుకు పంపారో అర్థమవుతుంది. ఆన్‌బేస్ శాతాన్నీ, దెబ్బల బలాన్ని బేస్‌ల లెక్కలో చూపే స్లగ్గింగ్ శాతాన్నీ కలిపి చూడడం కనీస జాగ్రత్త. లీగ్ సగటును 100గా పెట్టుకుని బ్యాటర్ తెచ్చిన పరుగుల విలువను లెక్కించే డబ్ల్యూఆర్‌సీ ప్లస్ వంటి కొలమానం అందుబాటులో ఉంటే అది ఇంకా మేలు. బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో ప్రతి ఆటగాడి పేజీకీ స్ప్లిట్స్ విభాగం ఉంటుంది, అందులో బ్యాటింగ్ స్థానాల వారీగా సగటు, ఆన్‌బేస్ శాతం, స్లగ్గింగ్ శాతం దొరుకుతాయి.

అయితే ఆ పట్టిక దొరికిందని అక్కడే తీర్పు చెప్పకూడదు. నిష్పత్తులలోకి కూడా స్థానం ప్రభావం రెండు మూడు దారులలో చొరబడుతుంది.

మొదటి దారి బేస్‌ల పరిస్థితి. మొదటి బేస్ మీద రన్నర్ (అప్పటికే బేస్ చేరిన సహచరుడు) ఉన్నప్పుడు, ఆ బేస్‌ను కాచే ఫీల్డర్ అయిన ఫస్ట్ బేస్‌మన్ అతన్ని కనిపెట్టుకుని బ్యాగ్ దగ్గరే నిలబడాలి, దాంతో కుడివైపు ఇన్‌ఫీల్డ్‌లో సందు పెరుగుతుంది. బంతిని అటువైపే లాగి కొట్టే ఎడమచేతి బ్యాటర్‌కు అది లాభం. మూడో బేస్ మీద రన్నర్ ఉండగా లోతుగా కొట్టి ఔటైనా, రన్నర్ ఇంటికి చేరితే అది శాక్రిఫైస్ ఫ్లైగా నమోదవుతుంది, సగటు లెక్కలోకి రాదు. నష్టం కూడా ఉంది, రన్నర్లుంటేనే డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔటవడం) ప్రమాదం ఉంటుంది. అందువల్ల నాలుగు, ఐదు స్థానాల బ్యాటర్ సగటులో, లీడాఫ్ బ్యాటర్ సగటులో కొంత భాగం వాళ్ల చేతిలో లేనిదే. స్ప్లిట్స్‌లో బేస్‌ల పరిస్థితి వారీగా ఉన్న పట్టికను కూడా తీసి, ఖాళీ బేస్‌లతో ఆడిన వంతులను ఖాళీ బేస్‌ల వంతులతోనే పోల్చితే ఈ తేడా చాలావరకు తొలగిపోతుంది.

మూడో స్థానం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. జట్టులోని ఉత్తమ బ్యాటర్‌ను అక్కడ పెట్టడం పాత సంప్రదాయం. 1929లో యాంకీస్ చొక్కాల మీద బ్యాటింగ్ వరుస ప్రకారం అంకెలు వేసినప్పుడు బేబ్ రూత్‌కు 3, లూ గెరిగ్‌కు 4 వచ్చింది అందుకే. కానీ మొదటి ఇద్దరి ఆన్‌బేస్ శాతం చెరో 0.330 అనుకుంటే, మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్లిద్దరూ ఔటయ్యే అవకాశం 0.67ను 0.67తో గుణిస్తే తెలుస్తుంది, అది సుమారు 45 శాతం. అంటే దాదాపు సగం మ్యాచ్‌లలో మూడో బ్యాటర్ తన మొదటి వంతును ఇద్దరు ఔటైన స్థితిలో, ఖాళీ బేస్‌లతో మొదలుపెడతాడు. రెండో బ్యాటర్‌కు మొదటి ఇన్నింగ్స్‌లో అలాంటి పరిస్థితి రానే రాదు. ఈ లెక్క తెలిసిన తరువాత చాలా జట్లు తమ అత్యుత్తమ బ్యాటర్‌ను రెండో స్థానానికి జరపడం మొదలుపెట్టాయి.

రెండో దారి వెనక నిలబడ్డవాడు. దీనినే ప్రొటెక్షన్ అంటారు. వెనక భయపెట్టే బ్యాటర్ ఉంటే బంతి విసిరే పిచర్, అతని ముందున్న బ్యాటర్‌కు వాక్ ఇవ్వడానికి జంకుతాడని, కాబట్టి కొట్టదగిన బంతులు ఎక్కువగా వస్తాయని వాదన. 1961లో 61 హోమ్ రన్లు కొట్టిన రోజర్ మారిస్‌కు ఆ సీజన్ మొత్తంలో ఒక్క ఇంటెన్షనల్ వాక్ (ప్రత్యర్థి కావాలని ఇచ్చే వాక్) కూడా రాలేదు, ఎందుకంటే అతని వెనక ఉండేది సాధారణంగా మికీ మాంటిల్. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి, అమెరికన్ లీగ్‌తో కలిసి మేజర్ లీగ్‌గా ఏర్పడే నేషనల్ లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ఉండేది. 2022లో రెండు లీగులకూ డిజిగ్నేటెడ్ హిట్టర్ (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) నిబంధన శాశ్వతంగా వచ్చేదాకా అక్కడ తొమ్మిదో స్థానంలో సాధారణంగా పిచర్ బ్యాటింగ్ చేసేవాడు. ఇద్దరు ఔటై రన్నర్లు ఉన్నప్పుడు ఎనిమిదో బ్యాటర్‌కు ఉద్దేశపూర్వకంగా వాక్ ఇచ్చి, పిచర్‌ను ఔట్ చేసి ఇన్నింగ్స్ ముగించడం మామూలు ఎత్తుగడ. కాబట్టి 2022కు ముందరి నేషనల్ లీగ్ గణాంకాలలో ఎనిమిదో స్థానం బ్యాటర్ ఆన్‌బేస్ శాతం అకస్మాత్తుగా పెరిగితే, అతని ఓపిక పెరిగిందని సంబరపడే ముందు ఇంటెన్షనల్ వాక్‌ల గడి చూడాలి. 1998లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ మేనేజర్ టోనీ లా రూసా పిచర్‌ను ఎనిమిదో స్థానానికి తెచ్చి తొమ్మిదిలో అసలు బ్యాటర్‌ను పెట్టడం చాలామందికి వింతగా తోచింది. మూడో స్థానంలో ఉన్న మార్క్ మెగ్వైర్ ముందు బేస్‌ల మీద ఎక్కువమంది ఉండాలన్నదే అతని ఉద్దేశం.

ఇంటెన్షనల్ వాక్‌లను తీసివేసే లెక్క ఎలా చేయాలో మళ్లీ జడ్జ్ అంకెలతోనే చూద్దాం. 2024లో అతనికి 704 వంతులు, ఆన్‌బేస్ శాతం 0.458, అంటే సుమారు 322 సార్లు బేస్ చేరాడు. అందులో 20 ఇంటెన్షనల్ వాక్‌లు. వాటిని పైనా కిందా తీసివేస్తే 684 వంతులలో 302 సార్లు, అంటే 0.442. 2025లో 679 వంతులు, 0.457, సుమారు 310 సార్లు. ఇంటెన్షనల్ వాక్‌లు మాత్రం 36, ఇది అమెరికన్ లీగ్ సీజన్ రికార్డు. తీసివేస్తే 643లో 274, అంటే 0.426. పైకి సమానంగా కనిపించిన రెండు సీజన్ల మధ్య 0.016 తేడా బయటపడింది. నా అనుభవంలో ప్రొటెక్షన్ ప్రభావం చాలావరకు ఇలా వాక్‌ల లెక్కలోనే తేలుతుంది, బంతిని కొట్టినప్పుడు వచ్చే ఫలితాలలో అంత స్పష్టంగా కనిపించదు.

ఆ 0.016ను చూసి వెంటనే కారణం వెతకడం కూడా తొందరపాటే, ఎందుకంటే ఇక్కడ యాదృచ్ఛికత అనే మరో లెక్క ఉంది. ఆన్‌బేస్ శాతాన్ని ఒకటి నుంచి అదే శాతం తీసివేసిన విలువతో గుణించి, వంతుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే, కేవలం అదృష్టం వల్ల ఆ అంకె ఎంత అటూ ఇటూ ఊగగలదో తెలుస్తుంది. 0.43 ఆన్‌బేస్ శాతంతో 650 వంతులకు ఇది దాదాపు 0.019 వస్తుంది. అంటే జడ్జ్ విషయంలో కనిపించిన తేడా ఊగిసలాట పరిధిలోనే ఉంది. పూర్తి సీజన్‌కే ఇలా ఉంటే, కొత్త స్థానంలో ఆడిన నెల రోజుల మాట చెప్పనక్కరలేదు. 0.270 సగటు ఉన్న బ్యాటర్ 100 అట్ బ్యాట్‌లలో (వాక్‌లు, శాక్రిఫైస్‌లు వంటివి పోను మిగిలిన వంతులు) 0.226 దగ్గర ఉన్నా, 0.314 దగ్గర ఉన్నా అది వింత కాదు. పత్రికలలో వచ్చే "స్థానం మార్చగానే మెరుపులు" కథనాలలో చాలావాటికి ఈ ఒక్క లెక్కే సమాధానం.

అన్నిటికంటే మోసకరమైనది మేనేజర్ నిర్ణయం. బాగా ఆడుతున్నవాడిని పైకి జరుపుతారు, తడబడుతున్నవాడిని కిందికి దించుతారు. అందువల్ల స్థానాల పట్టికలో రెండో స్థానం దగ్గర మంచి అంకెలు, ఏడో స్థానం దగ్గర చెడ్డ అంకెలు ఉంటే, స్థానం వల్ల ఆట మారిందో, ఆట వల్ల స్థానం మారిందో ఆ పట్టిక చెప్పలేదు. పైగా మంచి ఊపులో పైకి వెళ్లినవాడు కొన్నాళ్లకు తన సహజ స్థాయికి దిగి వస్తాడు, కిందికి దించినవాడు తన స్థాయికి లేచి వస్తాడు. అప్పుడు మొదటివాడికి పై స్థానం అచ్చిరాలేదనీ, రెండోవాడికి ఒత్తిడి తగ్గి మేలు జరిగిందనీ కథలు పుడతాయి. దీనికి విరుగుడుగా మార్పుకు ముందరి నెలను కాకుండా గత రెండు మూడు సీజన్ల సగటును ప్రమాణంగా పెట్టుకుని, మార్పు తరువాతి ఆటను దానితో పోల్చాలి.

స్థానం మార్చిన రోజులలో ఎదురుగా ఉన్న పిచర్ ఏ చేతివాడో కూడా తప్పక చూడాలి. కుడిచేతి పిచర్ వచ్చిన రోజు మాత్రమే లీడాఫ్‌కు పంపే ఎడమచేతి బ్యాటర్లు చాలా జట్లలో ఉంటారు. వాళ్ల లీడాఫ్ అంకెలు మెరుగ్గా కనిపించడానికి కారణం స్థానం కాదు, తమకు అనుకూలమైన పిచర్లను మాత్రమే ఎదుర్కోవడం. కుడిచేతి పిచర్ల మీద లీడాఫ్‌లో ఆడినదాన్ని, కుడిచేతి పిచర్ల మీదే వేరే స్థానాలలో ఆడినదానితో పోల్చాలి. ఇన్ని వడపోతల తరువాత వంతులు వందకు లోపే మిగిలితే, ఆ బ్యాటర్ గురించి ఏమీ తేల్చకపోవడమే మంచిది.

చివరగా పించ్ హిట్టర్ల వంతులను వేరు చేయాలి. మధ్యలో వచ్చినవాడు తాను ఎవరి బదులు దిగాడో అతని స్థానంలోనే లెక్కకు వస్తాడు. డగౌట్‌లో గంటల తరబడి కూర్చుని, తరచుగా ప్రత్యర్థి జట్టులోని బలమైన రిలీఫ్ పిచర్‌ను (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్) ఎదుర్కొనే ఈ పాత్రలో దాదాపు అందరి అంకెలూ తగ్గుతాయి. కాబట్టి ఒక బ్యాటర్‌కు తొమ్మిదో స్థానంలో ఉన్న అధ్వాన్నమైన అంకెలలో చాలా వంతులు అతను మ్యాచ్ మొదలుపెట్టినవే కాకపోవచ్చు. అదే స్ప్లిట్స్ పేజీలో ఫీల్డింగ్ స్థానాల పట్టికలో పించ్ హిట్టర్‌గా వచ్చిన వంతులు విడిగా ఉంటాయి, వాటి సంఖ్య ఎక్కువగా ఉంటే స్థానాల పట్టికలోని కింది వరుసలను నమ్మకూడదు.